వంగితే నొప్పా, వాలితే నొప్పా? నడుమును బట్టి వ్యాయామం ఎంచుకోవడం

జిమ్‌లో చేరి నెల తిరక్కుండానే నడుము పట్టేసి మానేసినవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లకి సలహాలకేం కొదవ ఉండదు. ఒకాయన మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లంతా పలకలా నిలబెట్టే ప్లాంక్ చెయ్యమంటాడు. ఇంకొకాయన బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భుజంగాసనం వెయ్యమంటాడు. మూడో ఆయన, అవన్నీ మీకు పడవు, హాయిగా వాకింగ్ చేసుకోండి అంటాడు. ముగ్గురూ తమకి పనికొచ్చిందే చెబుతారు. చిక్కల్లా ఆ ముగ్గురి నడుములూ వేరు, మీ నడుము వేరు.

అందుకే మంచి వ్యాయామాలు ఇవి, చెడ్డవి ఇవి అని రెండు జాబితాలు రాసిపెట్టుకోవడం దండగని నా అభిప్రాయం. ఒకరికి ఉపశమనం ఇచ్చిందే ఇంకొకరిని రెండు రోజులు మంచం ఎక్కిస్తుంది. ఏది ఎంచుకోవాలో చూసేముందు, మీ నడుము ఎటు కదిలితే గొణుగుతోందో తేల్చుకోవాలి.

మీది ఏ రకం నడుము?

కొందరికి వంగితే నొప్పి. కారులోనో కంప్యూటర్ ముందో గంటసేపు కూర్చుని లేస్తే నడుము వెంటనే నిటారుగా రాదు. వాష్‌బేసిన్ మీదికి వంగి మొహం కడుక్కుంటుంటే పీకుతుంది. లేచి నాలుగడుగులు తిరిగితే సర్దుకుంటుంది. ఐటీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలో ఈ రకం ఎక్కువగా కనిపిస్తుంది. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల సమస్యలు కూడా చాలావరకు ఇలాగే బయటపడతాయి. అవి ఎక్కువగా వచ్చేది నడుము అట్టడుగున ఉన్న రెండు డిస్కుల్లో, అంటే ఎంఆర్ఐ రిపోర్టుల్లో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని రాసేచోట.

కొందరికి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. పెళ్లిలో గంటసేపు నిలబడితే నొప్పి, అటక మీది డబ్బా అందుకోడానికి వెనక్కి వాలితే నొప్పి. కుర్చీలో కూలబడి కాస్త ముందుకు వంగితే ప్రాణం లేచొస్తుంది. వయసు యాభై, అరవై దాటినవాళ్లలో వెన్నులో నరాల దారి ఇరుకైతే ఇలా ఉంటుంది. కాసేపు నడవగానే కాళ్లు లాగేసి, కూర్చోగానే తగ్గుతుంది.

ఏ నొప్పీ లేకుండా, రాకుండా చూసుకుందామనుకునేవాళ్లు మూడో రకం. అదృష్టవంతులు. వీళ్లకి దాదాపు అన్ని వ్యాయామాలూ పనికొస్తాయి, ఎంత త్వరగా పెంచుతున్నామన్నదే చూసుకోవాలి.

ఇవేవీ కాక తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం మీదో విరేచనం మీదో అదుపు తప్పినా, పాదం పైకి లేవకుండా ఈడ్చుకుపోతున్నా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, పడిన తర్వాత నొప్పి మొదలైనా ఈ పోలికలన్నీ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదటి రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు, ఆలస్యం చెయ్యకుండా.

నడకా, పరుగా, సైకిలా, ఈతా

ఇందులో నా ఓటు నడకకే. చౌక కాబట్టి మాత్రమే కాదు. నడుము నొప్పి వచ్చి ఈమధ్యే తగ్గిన 701 మంది మీద ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి ఫిజియోథెరపిస్టు సలహాతో నడక పెట్టారు. మెల్లగా పెంచుకుంటూ పోయి వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట దాకా. మిగతావాళ్లని వాళ్ల మానాన వదిలేశారు. నడవనివాళ్లలో సగంమందికి నొప్పి తిరిగి రావడానికి 112 రోజులు పడితే, నడిచినవాళ్లలో 208 రోజులు పట్టింది. ఖర్చు లేని పనికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే నడక అంటే ఫోన్ చూసుకుంటూ తల వేలాడేసి తిరగడం కాదు. భుజాల దగ్గర్నించి చేతులు ఊగాలి, కాస్త వేగం ఉండాలి. ట్రెడ్‌మిల్ మీదైతే ముందున్న కడ్డీ పట్టుకుని వేలాడకండి. పట్టుకోకపోతే పడిపోతామనిపిస్తే వేగం తగ్గించాలి.

వంగితే నొప్పి వచ్చేవాళ్లకి నడక బాగా నప్పుతుంది. వాలితే నొప్పి వచ్చేవాళ్లు మాత్రం పది నిమిషాలకే కూలబడి, నాకు నడక కూడా చేతకావట్లేదని దిగులుపడుతుంటారు. వాళ్లకి సైకిల్ మేలు, జిమ్‌లో కదలకుండా ఉండే సైకిలైనా సరే. కాస్త ముందుకు వంగి కూర్చుంటారు కాబట్టి నరాల దారి కొంచెం తెరుచుకుంటుంది. నడకలో పది నిమిషాలు ఉండలేనివాళ్లు సైకిల్ మీద అరగంట తొక్కేయడం మామూలే. అదే సైకిల్ వంగితే నొప్పి వచ్చేవాళ్లకి, ముఖ్యంగా హ్యాండిల్ బాగా కిందికి ఉండే రేసింగ్ రకమైతే, గిట్టదు. కొనేముందు హ్యాండిల్ ఎత్తు పెంచే వీలుందో లేదో చూడండి. సీటు ఎత్తు కూడా ముఖ్యమే. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ ఎత్తుగా ఉంటే తొక్కుతున్నప్పుడు తుంటి అటూ ఇటూ ఊగి, ఆ ఊపంతా నడుము మీద పడుతుంది.

పరుగంటే అనవసరంగా భయపడతారు. పరుగు డిస్కుల్ని అరగదీస్తుందన్న మాటకి పెద్దగా ఆధారం లేదు. ఏళ్ల తరబడి కదలనివాళ్లు ఒక్కసారిగా ఐదు కిలోమీటర్ల ఈవెంట్‌కి పేరిచ్చేయడంతోనే గొడవ. ఈత దొరికితే మంచిదే. వెల్లకిలా ఈదడం, ఫ్రీస్టైల్ చాలామందికి పడతాయి. తల పైకెత్తి కప్పలా ఈదే బ్రెస్ట్‌స్ట్రోక్‌లో నడుము వెనక్కి విల్లులా వంగుతుంది కనుక వాలే రకంవాళ్లు దాన్ని వదిలెయ్యాలి.

పొట్టకి సిటప్స్ చెయ్యాలా, ప్లాంక్ చెయ్యాలా

నడుము నొప్పి రాకూడదంటే పొట్ట గట్టిపడాలి అంటారు. నిజమే. పొట్ట గట్టిపడాలంటే సిటప్స్ చెయ్యాలి అంటారు. ఇక్కడే తేడా కొడుతుంది.

సిటప్‌లో పాదాలు బల్ల కిందో, స్నేహితుడి చేతుల కిందో ఇరికించి లేస్తాం కదా, అప్పుడు పని చేసేది పొట్ట కండరాలు మాత్రమే కాదు. నడుము పూసల నుంచి తొడ ఎముకకి వెళ్లే సోయాస్ అనే కండరం గట్టిగా లాగుతుంది. అది లాగేది పూసల్నే. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్ను మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ కొలతల ప్రకారం ఒక్కో సిటప్‌కి నడుము మీద పడే ఒత్తిడి సుమారు 3,300 న్యూటన్లు. కిలోల్లో చెప్పుకుంటే 330కి పైమాటే. ఆరోగ్యంగా ఉన్న వెన్ను ఒకసారి, పదిసార్లు ఓర్చుకుంటుంది. రోజుకి వంద చొప్పున, అదీ వంగితే నొప్పి వచ్చే నడుముతో చేస్తే ఓర్చుకోదు. అమెరికా సైన్యం దశాబ్దాల తరబడి తన శారీరక పరీక్షలో సిటప్స్ ఉంచి, 2022లో అమల్లోకి తెచ్చిన కొత్త పరీక్షలో వాటి బదులు ప్లాంక్ పెట్టింది.

మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలు ఫిజియోథెరపీ క్లినిక్‌లలో బాగా వాడుకలో ఉన్నాయి. మొదటిది కర్లప్. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు చాపి, రెండు అరచేతులూ నడుము కింద ఉన్న ఖాళీలో పెట్టుకోవాలి. ఆ ఖాళీ పోకుండా, నడుము నేలకి అదిమేయకుండా, తల, భుజాలు మాత్రం నేల నుంచి కాస్త ఎత్తి పది సెకన్లు ఆపాలి. చూసేవాళ్లకి ఏమీ చెయ్యనట్టే ఉంటుంది. చేసేవాళ్లకి ఐదోసారికి తెలుస్తుంది. రెండోది సైడ్ ప్లాంక్, అంటే పక్కకి తిరిగి ఒక మోచెయ్యి మీద ఒళ్లు ఎత్తి నిలపడం, మొదట్లో మోకాళ్లు మడిచి చేస్తే చాలు. మూడోది బర్డ్ డాగ్. చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాపడం, తర్వాత అటుది ఇటు. కాలు ఎంత పైకి లేచిందన్నది కాదు, నడుము కదిలిందా లేదా అన్నది చూసుకోవాలి.

మరి మామూలు ప్లాంక్? మంచిదే, కానీ మూడు నిమిషాల పోటీలు వద్దు. నిమిషం దాటాక చాలామందికి పొట్ట వదులై నడుము కిందికి జారుతుంది. అక్కణ్ణుంచి బరువు మోసేది పూసలు, కండరాలు కాదు. వాలితే నొప్పి వచ్చేవాళ్లకి ప్లాంక్ తర్వాత నడుము పట్టేసేది ఇందుకే. పది సెకన్ల చొప్పున ఆరుసార్లు, మధ్యలో కాస్త ఆగుతూ చేస్తే రెండు రకాలవాళ్లకీ పడుతుంది. రెండు కాళ్లూ కలిపి ఎత్తే లెగ్ రైజ్ కొత్తవాళ్లకి వద్దు. కొన్ని జిమ్‌లలో చేరిన మొదటి రోజే అందర్నీ వరుసగా పడుకోబెట్టి ఇరవయ్యేసి చేయిస్తారు. నడుము నేల నుంచి లేచిపోతోంటే ఎవరూ పట్టించుకోరు.

బరువులు ఎత్తడం

ఎక్కువమంది భయపడేది, నేల మీదున్న బరువుల కడ్డీని (బార్) పట్టుకుని లేచి నిలబడే డెడ్‌లిఫ్ట్‌కి. డెడ్‌లిఫ్ట్ డేంజర్ అనే పెద్దమనిషే ఇంట్లో గ్యాస్ సిలిండర్ వస్తే నడుము మడిచి, ఒంటిచేత్తో వంటింటిదాకా లాక్కుపోతాడు. 14.2 కిలోల గ్యాస్, దానికి ఇంచుమించు అంతే బరువున్న ఉక్కు, వెరసి ముప్ఫై కిలోలు. బతుకులో ఎలాగూ ఎత్తక తప్పని బరువుని పద్ధతిగా ఎత్తడం నేర్చుకోవడమే డెడ్‌లిఫ్ట్.

పద్ధతి ఒక్కటే. వంగాల్సింది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. నడుము తలుపు రెక్క, తుంటి దాని బందు. బందు దగ్గర తిరగాలి, రెక్క మడతపడకూడదు. ఇది ఒంటికి పట్టించడానికి ఇంట్లో ఉన్న చీపురు కర్ర చాలు. కర్రని వెనకవైపు నిలువుగా పట్టుకోండి. అది తల వెనక, వీపు మధ్యలో, పిరుదుల మధ్య ఎముకకి, మూడుచోట్లా తగలాలి. మోకాళ్లు కాస్త సడలించి, పిరుదుల్ని వెనక గోడకి ఆనించబోతున్నట్టు జరుపుతూ వంగండి. మూడింటిలో ఏ ఒక్కచోటు కర్ర నుంచి విడిపోయినా అక్కడ ఆగిపోండి. ప్రస్తుతానికి మీ హద్దు అదే. తొడ వెనక కండరాలు బిగుసుకున్నవాళ్లకి ఆ హద్దు మోకాళ్ల ఎత్తులోనే వచ్చేస్తుంది. వాళ్లని నేల మీది బార్ ఎత్తమంటే మిగతా దూరం నడుము మడిచే ఎత్తుతారు, వేరే దారి లేదు.

ఇప్పుడు డెడ్‌లిఫ్ట్‌లో ఏ రకం ఎంచుకోవాలి? నేల మీది నుంచి ఎత్తే మామూలు రకంలో కొత్తవాళ్లని దెబ్బతీసే సంగతి ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. పోటీల్లో వాడే 20 కిలోల ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు. అది తగిలిస్తే బార్ నేల నుంచి 22 సెంటీమీటర్ల పైన, పిక్కల మధ్యకి వస్తుంది. కొత్తవాళ్లు వేసుకునేది ఐదేసి కిలోల చిన్న ఇనప ప్లేట్లు. బార్ చీలమండల దగ్గర పడి ఉంటుంది. అంటే వంద కిలోలు ఎత్తే మొనగాడికన్నా ముప్ఫై కిలోలు ఎత్తే కొత్త మనిషే ఎక్కువ కిందికి వంగాలి! కాబట్టి ప్లేట్ల కింద చెక్కదిమ్మలో, వేరే ప్లేట్లో పేర్చి బార్‌ని మోకాళ్ల కిందిదాకా లేపుకోండి. బార్ పెట్టుకునే ఇనప చట్రం, అదే ర్యాక్, ఉంటే దాని పిన్నుల మీద పెట్టుకోవచ్చు.

అంతకన్నా తేలికైన దారి డంబెల్స్‌తో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. ఇది నిలబడిన దగ్గర మొదలవుతుంది. మీ చీపురు కర్ర హద్దు దాకా దించి పైకి వచ్చేస్తారు, నేలతో పనే లేదు. రెండు చేతుల్లో ఐదేసి కిలోలతో మొదలుపెట్టి, రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకపోతే రెండున్నర కిలోలు పెంచండి. మీ జిమ్‌లో ఆరు కోణాల చట్రంలా ఉండే ట్రాప్ బార్ ఉంటే అది అన్నిటికన్నా మేలు. బరువు శరీరానికి ముందు కాకుండా రెండు పక్కలా ఉంటుంది కాబట్టి నడుము మీద లాగుడు తగ్గుతుంది. మన ఊళ్లలో చాలా జిమ్‌లలో అది ఉండదు.

ఒకటి మాత్రం చెప్పాలి. వంగితే చాలు డిస్క్ జారిపోతుందని వణకక్కర్లేదు. వెన్ను వంగడానికే ఉంది. పెద్ద బరువు, నడుము మడత, అలసట మూడూ ఒకేచోట కలిసినప్పుడే జాగ్రత్త. జిమ్‌లో నడుము పట్టేసిన కథలు వినండి, సెట్ చేస్తుంటే పట్టేసింది అనేవాళ్లు ఎంతమందో, అయిపోయాక ప్లేట్లు సర్దుతుంటే పట్టేసింది అనేవాళ్లూ అంతమంది ఉంటారు.

బరువు పట్టుకుని గుంజీలు తీసినట్టుండే స్క్వాట్ సంగతికొస్తే, మెడ వెనక బార్ పెట్టుకునే దానికన్నా గుండెలకి ఆనించి డంబెల్ పట్టుకునే గోబ్లెట్ స్క్వాట్‌తో మొదలుపెట్టడం నయం. బరువు ముందుంటే వీపు దానంతటదే నిటారుగా నిలుస్తుంది. దండీలు, బస్కీలు తీసి పెరిగినవాళ్లకి ఇది పెద్ద కొత్తగా ఉండదు. నడుముకి భయపడి, కూర్చుని కాళ్లతో బరువు తోసే లెగ్ ప్రెస్ మెషీన్ ఎక్కేవాళ్లు ఒకటి గమనించాలి. మోకాళ్లు గుండెలదాకా దించితే తుంటి సీటు నుంచి లేచిపోతుంది, నడుము మడతపడుతుంది. తప్పించుకుందామనుకున్నదే అక్కడా ఎదురవుతుంది. తుంటి లేవబోయే ముందే ఆపాలి. వంగి నిలబడి బార్ లాగే రోయింగ్ బదులు ఒక చెయ్యి బెంచీ మీద ఆనించి, రెండో చేత్తో డంబెల్ లాగడం మంచిది.

సూర్య నమస్కారాలు, పార్కులో డిస్కు

మన దగ్గర యోగా అంటే తెల్లవారుజామునే. నడుముకి ఆ వేళే కాస్త ఇబ్బంది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న మనం సాయంత్రం కన్నా ఒకటి, రెండు సెంటీమీటర్లు పొడుగుంటాం. ఆ తేడాలో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఉబ్బిన డిస్కుతో ముందుకు వంగితే దాని మీద ఒత్తిడి ఎక్కువ. లేచిన పావుగంటకే పాదహస్తాసనంలో మోకాళ్లు బిగించి, చేతులు నేలకి తాకించాలని పట్టుబట్టడం వంగే రకంవాళ్లకి చేటు. ఐదింటికి లేస్తే ఇంటిపని, నడక చూసుకుని ఆరింటికి నమస్కారాలు మొదలుపెట్టండి. పాదహస్తాసనంలో మోకాళ్లు వంచండి, నిండా వంచినా ఎవరూ ఏమనరు. వీళ్లకి భుజంగాసనం సాధారణంగా హాయిగానే ఉంటుంది. వాలే రకానికి అంతా తిరగబడుతుంది. పాదహస్తాసనం బాగుంటుంది. భుజంగాసనం, చేతులెత్తి వెనక్కి వాలే హస్త ఉత్తానాసనం తగ్గించుకోవాలి.

మున్సిపల్ పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు వచ్చాక పెద్దవాళ్లకి బాగా నచ్చింది, నిలబడి నడుము అటూ ఇటూ తిప్పే డిస్కు. పొట్ట కరుగుతుందని నమ్మకం. కరగదు, ఏ వ్యాయామమూ ఒక్కచోట కొవ్వుని ఏరుకుని కరిగించదు. నడుము పూసలు పక్కకి తిరగడానికి పెద్దగా వీలున్నవి కావు. ఒక్కో పూస దగ్గర ఒకటి రెండు డిగ్రీలకి మించి తిరుగుడు ఉండదు. మనం తిరిగేదంతా తుంటి నుంచి, వీపు పైభాగం నుంచి. కడ్డీ పట్టుకుని ఛాతీ కదలకుండా, కింద డిస్కు వేగంగా తిప్పితే ఆ వడి అంతా ఎక్కడ పడుతుందో చెప్పక్కర్లేదు. అదే పార్కులో చేతులు ఊపుతూ కాళ్లు ముందుకీ వెనక్కీ ఆడించే ఎయిర్ వాకర్ ఉంటుంది. దాని మీద పది నిమిషాలు గడపడం ఎంతో నయం.

బెల్టు కట్టాలా

మెడికల్ షాపులో దొరికే సాగే బెల్టు కట్టుకుని వాకింగ్‌కి వచ్చేవాళ్లని రోజూ చూస్తాం. నొప్పి రాకుండా అది ఆపుతుందని ఆధారాలు లేవు. అనేక పరిశోధనలని కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో వచ్చింది. నడుము గురించి అవగాహన, వ్యాయామం రెండూ కలిస్తే నొప్పి వచ్చే అవకాశం 45 శాతం తగ్గిందనీ, బెల్టులు, బూట్లలో పెట్టే అట్టలు ఏమీ తగ్గించలేదనీ అందులో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు మామూలుగా వాడొద్దనే చెప్పాయి. ఆపరేషన్ తర్వాతో, పూస విరిగినప్పుడో డాక్టర్ కట్టమంటే అది వేరే సంగతి.

జిమ్‌లో కట్టే వెడల్పాటి తోలు బెల్టు పని వేరు. ఊపిరి పీల్చి పొట్టని బెల్టు మీదికి బిగిస్తే లోపలి ఒత్తిడి పెరిగి వెన్నుకి ఆసరా దొరుకుతుంది. పొట్ట బిగించడం రానివాడికి ఆ బెల్టుతో లాభం లేదు. మీరు ఎత్తే బరువు మీ ఒంటి బరువుకి దగ్గరపడేదాకా దాని మీద డబ్బు పెట్టకండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

ఇప్పటికే నొప్పి ఉంటే, ముఖ్యంగా అది కాల్లోకి దిగుతుంటే, జిమ్ ట్రైనర్ కన్నా ముందు ఫిజియోథెరపిస్టు. కరెంటు పెట్టి, వేడి పెట్టి పంపించేసే చోటు కాకుండా, మీచేత వ్యాయామం చేయించి చూసే చోటు వెతుక్కోండి. నొప్పి లేనివాళ్లు ట్రైనర్ దగ్గరే నేర్చుకోవచ్చు. యూట్యూబ్ వీడియోలతో నేర్చుకుంటే చూపించేవాళ్లుంటారు గానీ చూసేవాళ్లుండరు కనుక, ఫోన్ పక్కన నిలబెట్టి మీ వీడియో మీరే తీసుకుని నడుము మడత పడుతోందేమో చూసుకోవాలి.

జిమ్‌లో ఆరు నెలల డబ్బు కట్టేముందు ట్రైనర్‌ని ఒక్క మాట అడగండి: "నాకు వంగితే నడుము నొప్పొస్తుంది సార్, నా షెడ్యూల్‌లో ఏం మారుస్తారు?" వంగి చూపించమనో, ఎప్పట్నించి ఉందనో, రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారనో ఆయన తిరిగి అడిగితే చేరొచ్చు. "ఏం కాదు సార్, చేస్తుంటే అదే పోతుంది" అంటే నెల రోజులకి మించి కట్టకండి.